నెల్లూరని వచ్చిన కేసు, సర్వసిద్ధిలో తేలింది

విదేశాల్లో స్థిరపడ్డ మనవాళ్ళకి పూర్వీకుల ఊళ్ళు వెతికిపెట్టే పని నాది, ఇది అలాంటి కేసు ఒకటి. ముందే ఒక మాట. ఇందులో మనుషుల పేర్లు, ఇంటిపేరు, ఊరి పేరు ఏవీ రాయట్లేదు, ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ అదే ఊళ్ళో ఉన్నారు, పైగా కేసు ఆఖర్లో భూమి గొడవ ఒకటి తగులుకుంది, అదెందుకో చివర్లో చెప్తా.

కేసు ఇచ్చినావిడ దక్షిణాఫ్రికాలో రిటైర్డ్ టీచర్, డర్బన్‌కి ఉత్తరాన స్టాంగర్ దగ్గర ఉంటుంది, ఆ ఊరిని ఇప్పుడు క్వాడుకూజా అంటున్నారు. నాకంటే పదేళ్ళు పెద్దావిడ, కానీ నన్ను అన్నా అంటుంది, ఎందుకంటే ఆవిడకి వచ్చిన నాలుగైదు తెలుగు మాటల్లో అదొకటి. మా ముత్తాత నెల్లూరు నుంచి వచ్చాడు, బాప్టిస్టు, కియర్స్‌నీ టీ తోటలో పనిచేశాడు, ఆయన ఊరు ఏదో కనుక్కుని పెట్టండి అని అడిగింది. ఓసీఐ కార్డు, అంటే విదేశాల్లో ఉన్న భారత సంతతివాళ్ళకి మన సర్కారు ఇచ్చే కార్డు, ఆ ఆలోచన కూడా ఉందంది. మామూలుగా మునిమనవల వరకే ఇస్తారు కదా, ఈవిడ సరిగ్గా ఆ అంచున ఉంది, అందుకే తొందర.

ఆవిడ దగ్గరున్న కాగితాలు రెండు. 1941లో పోయిన ముత్తాత డెత్ నోటీసు కాపీ, చర్చి ఇచ్చిన బాప్తిస్మం సర్టిఫికెట్. డెత్ నోటీసులో పుట్టిన చోటు అనే గడి ఉంటుంది, మనం ఆశగా చూసేది దాన్నే, అందులో ఇండియా అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. వయసు 70. తల్లిదండ్రుల పేర్లున్న చోట తండ్రి పేరు ఒక్కటి ఉంది, అదీ మన ఉత్తరాంధ్రలో వీధికి ఇద్దరుండే పేరు. ఇంకేమైనా ఉన్నాయా అని అడిగితే ఏమీ లేవంది. (ఈ మాట నమ్మకూడదని ఇన్నేళ్ళైనా నాకు బుద్ధి రాలేదు.)

ఫోన్లో ఆవిడ మొదటి ప్రశ్న, ఇండియా సెన్సస్‌లో వెతికితే దొరకదా అని. విదేశాల నుంచి వచ్చే ప్రతి క్లయింటూ ఇదే అడుగుతారు, తప్పు వాళ్ళది కాదు, అమెరికాలో 72 ఏళ్ళు దాటితే జనాభా లెక్కల షీట్లు పేర్లతో సహా బయటపెడతారు, 1950వి 2022 ఏప్రిల్లో వచ్చేశాయి, ఐర్లాండ్ 1901, 1911వి ఇంట్లో కూర్చుని ఫ్రీగా చూసుకోవచ్చు. మనకి ఆ వీలు లేదు. 1881 నుంచి పదేళ్ళకోసారి లెక్క రాశారు, కానీ బయటికొచ్చేవి పట్టికలే, ఇంటింటి షీట్లు లెక్క తేలాక దాచిపెట్టలేదు, తర్వాతి కాలానికి 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ఆ కాగితాలు ఎవరూ చూడకూడదనే చెప్తుంది. కాబట్టి మన సెన్సస్‌లో మనిషి దొరకడు. ఊరు దొరుకుతుంది, అది కూడా చాలా పెద్ద సాయమే, ఆ సంగతి తర్వాత.

రెండో ఆశ చర్చి రిజిస్టరు. ఇక్కడ ఏ చర్చి అన్నదాన్ని బట్టి కథ మారిపోతుంది. క్యాథలిక్, ఆంగ్లికన్, గుంటూరు వైపు లూథరన్ రిజిస్టర్లయితే పసిపిల్లకి బాప్తిస్మం ఇస్తారు కాబట్టి పుట్టిన తేదీ, అమ్మానాన్నల పేర్లు రాస్తారు, అదృష్టం ఉంటే ఊరు కూడా. బాప్టిస్టులు పసిపిల్లలకి ఇవ్వరు. పెద్దయ్యాక, సొంతంగా ఒప్పుకున్నాక నీళ్ళలో ముంచుతారు, రిజిస్టర్లో ఆ రోజు తేదీ, పేరు, ఏ ఎస్టేటు, అంతే. ఆవిడ పంపిన సర్టిఫికెట్లో 1905 అని ఉంటే ఇంట్లోవాళ్ళంతా అది పుట్టిన ఏడాదికి దగ్గర్లోది అనుకుంటూ వచ్చారు, అప్పటికి ఆయన పెళ్ళయి పిల్లాడున్న మనిషి. బ్రిటిష్ లైబ్రరీలో మద్రాస్ చర్చిల రికార్డులు ఎన్/2 అనే సిరీస్‌లో ఉన్నాయి, వాటిని కూడా అడుగుతుంటారు, అవి ఎక్కువగా తెల్లవాళ్ళవి, యూరేషియన్లవి, తోట కూలీగా వెళ్ళిన తెలుగు మనిషి కోసం అక్కడ టైమ్ తగలేయొద్దు.

చర్చి రిజిస్టరు చేసిన ఇంకో చిక్కు పేరు. బాప్తిస్మం అప్పుడు బైబిల్ పేరు పెట్టుకున్నాడు, పాత పేరు అందులో లేదు. ఓడ ఎక్కింది పాత పేరుతో. డెత్ నోటీసులో రెండూ కలిపి రాశారు కాబట్టి బతికిపోయాం.

ఇప్పుడు నేటాల్ సంగతి, డర్బన్ ఉన్న అప్పటి బ్రిటిష్ కాలనీ పేరు అది. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి వెళ్ళిన ట్రూరో ఓడ డర్బన్లో ఆగినప్పటి నుంచి 1911 వరకు 1,52,184 మంది కూలి ఒప్పందం మీద వెళ్ళారు, ఎక్కువమంది మద్రాసు రేవు నుంచే. ఓడకో లిస్టు. ప్రతి మనిషికీ ఒక నంబరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఎత్తు, ఒంటిమీద గుర్తులు. ఇంత రాశారు గానీ మన తెలుగువాడు మనిషిని ఏ గుర్తుతో పోల్చుకుంటాడో అది మాత్రం రాయలేదు, ఇంటిపేరు. ఆ కాలమే లేదు. అందుకే అక్కడ తండ్రి పేరో, వెనకున్న నాయుడు, రెడ్డో వంశం పేరై కూర్చుంది, నాయుడు అని చెప్పే డర్బన్ కుటుంబాలన్నీ ఒక్కటే అనుకుని వెతికితే మునిగిపోతాం.

నేను చేసిన తప్పు ఇక్కడే. కుటుంబం నెల్లూరంటోంది, బాప్టిస్టంటోంది, నెల్లూరేమో 1840 నుంచి అమెరికన్ బాప్టిస్టుల కేంద్రం, నేటాల్‌కి 1903లో వెళ్ళిన జాన్ రంగయ్య గారిని పంపింది కూడా తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషనరీ సొసైటీయే, ఆయన కియర్స్‌నీలో ఆ ఏడాది ఆఖర్లోనే తెలుగువాళ్ళతో చర్చి పెట్టాడు. అన్నీ చక్కగా అతుకుతున్నాయి. లిస్టుల డేటాబేస్‌లో నెల్లూరు జిల్లా పెట్టి, పేరు పెట్టి వెతికితే 24 ఏళ్ళవాడు ఒకడు దొరికాడు, తండ్రి పేరు కూడా దగ్గరగా ఉంది. వారంలో తేలిపోయిందని ఆవిడకి మెయిల్ పెట్టేశా, ఆవిడ వాళ్ళ అన్నదమ్ముల పిల్లలందరికీ చెప్పుకుంది, టికెట్ల రేట్లు కూడా చూసింది. ఎందుకో రాత్రి నిద్ర పట్టక మళ్ళీ చూసుకుంటే నేను నంబరు సరిపోల్చలేదు. పేరు, వయసు, జిల్లా కలిస్తే మనిషి కలిసినట్టు కాదని కొత్తగా వచ్చే కుర్రాళ్ళకి నేనే చెప్తుంటా.

నంబరు ఎందుకంత ముఖ్యమంటే, మనిషి దిగిన రోజు ఇచ్చిన ఆ నంబరు చచ్చేదాకా వదలదు. పెళ్ళి నమోదుకి, పిల్లల పుట్టుకకి, మళ్ళీ ఒప్పందం రాసుకుంటే దానికీ అదే. ఈ కాగితాలన్నీ డర్బన్లో ప్రొటెక్టర్ ఆఫీసులో, అంటే వలస కూలీల వ్యవహారాలు చూసే సర్కారు ఆఫీసులో నడిచాయి. కాబట్టి వెనక్కి వెళ్ళే దారి ముత్తాత నుంచి కాదు, ఆయన పిల్లల నుంచి. డర్బన్లో ఉండే మిత్రుడు ఒకడు ఆర్కైవ్స్‌కి వెళ్ళి పుట్టుకల రిజిస్టర్ ఫోటోలు తీసి పంపాడు. పెద్ద కొడుకు నమోదు 1905 జనవరి, కియర్స్‌నీ ఎస్టేటు, తండ్రి పేరు పాతదే, పక్కన అయిదంకెల నంబరు, తల్లి పేరు పక్కన ఆవిడ నంబరు వేరే. నా నెల్లూరు మనిషి నంబరుకీ దీనికీ సంబంధమే లేదు.

ఆవిడకి ఫోన్ చేసి, అమ్మా తప్పు చేశాను అని చెప్పా. ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత, టికెట్ ఇంకా కొనలేదులే అన్నా అంది.

కొత్త నంబరుతో లిస్టు తెరిస్తే 1900, వయసు 22, ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు, గుర్తులు అన్న గడిలో ఎడమ మోకాలి కింద కాలిన మచ్చ, కుడి చేతి చూపుడు వేలు వంకర. ఈ గడి చదివినప్పుడల్లా నాకు చెయ్యి ఆగిపోతుంది, ఫోటో లేని మనిషికి అదొక్కటే ముఖం. 1900లో 22 అంటే 1878, డెత్ నోటీసు ప్రకారం 1871, ఇంట్లో చెప్పుకునేది 1868. నేను ఏదీ పట్టుకోను, ఓడెక్కే ముందు కూలీలని ఉంచే డిపోలో గుమస్తా మనిషిని చూసి వేసిన అంకెలు అవి, చావు కాగితంలో కొడుకు గుర్తొచ్చింది చెప్పాడు. కులం గడిలో క్రిస్టియన్ అని లేదు, కులం పేరే ఉంది. మొదట్లో క్రిస్టియన్ అని పెట్టి వెతికి ఉంటే జన్మలో దొరికేవాడు కాదు, అక్కడికి వెళ్ళాక మారినవాడు.

జిల్లా వైజాగపటం. ఠాణా సర్వసిద్ధి, గుమస్తా దాన్ని శరవశిత్తి లాగా రాశాడు, మద్రాసు డిపోలో అరవ గుమస్తా చెవికి అలా వినపడిందేమో.

మరి నెల్లూరు ఎక్కడి నుంచి వచ్చింది? భార్య నంబరు తీసుకుని చూస్తే తేలింది. ఆవిడ వేరే ఓడలో, 1902లో, ఒక్కతే వచ్చింది, జిల్లా నెల్లూరు, కులం గడిలో క్రిస్టియన్. ముత్తవ్వ నెల్లూరు మనిషి, ముందు నుంచీ చర్చి మనిషి, తోటలో ఈయన్ని కట్టుకుంది, తర్వాత ఈయన మునిగాడు. ఇంట్లో చెప్పుకున్న ముక్క నిజమే, తగిలించిన మనిషే మారిపోయాడు. నా అనుభవంలో ఇంటి కథలు చాలావరకు ఇలాగే ఉంటాయి, అబద్ధం తక్కువ, చిరునామా తప్పు ఎక్కువ. ముత్తవ్వ సంగతి విని ఆవిడ ఏడ్చింది, ఇన్నాళ్ళూ అందరూ తాతనే వెతికారు, ఆవిడ గురించి అడిగినవాళ్ళు లేరంది. నెల్లూరు వైపు పని వేరే ఫైలుగా తెరిచా, అది ఇంకా నడుస్తోంది.

సర్వసిద్ధి దగ్గర చాలామంది బోల్తా పడతారు. మ్యాప్‌లో కొడితే అనకాపల్లి జిల్లాలో సర్వసిద్ధి అనే ఊరు వస్తుంది, అదే మా ఊరు అని సంబరపడి దిగిపోతారు. లిస్టులో ఉన్నది ఊరు కాదు, తాలూకా. యలమంచిలి కేంద్రంగా ఉన్న పాత తాలూకా పేరు సర్వసిద్ధి, గురజాడ పుట్టిన ఎస్. రాయవరంలో ఆ ఎస్ కూడా అదే. అలాగే చోడవరం తాలూకాని వీరవల్లి అనేవారు, నర్సీపట్నం తాలూకాని గొల్గొండ. ఇంకా ఘోరం గంజాం. లిస్టులో గంజాం జిల్లా అని ఉంటే మనిషి ఒడియా అనుకుని వదిలేస్తారు, 1936 ఏప్రిల్లో ఒరిస్సా ఏర్పడేదాకా శ్రీకాకుళం టౌను కూడా గంజాం జిల్లాలోదే, ఇంగ్లీషు కాగితాల్లో దాని పేరు చికాకోల్. చిత్తూరు అయితే 1911కి ముందు ఉత్తర ఆర్కాటులో వెతకాలి. పాత జిల్లా మ్యాపు ఒకటి గోడకి అంటించుకోకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

సరే తాలూకా తెలిసింది, ఊరు? లిస్టులో ఊరి పేరు చివర తెగిపోయి ఉంది. మా వైపు ఊళ్ళ చివర పాలెం, వానిపాలెం, పేట, వలస, పురం వస్తాయి, గుమస్తాలకి ఆ తోక రాసే ఓపిక ఉండదు. ఇక్కడ సెన్సస్ అక్కరకొచ్చింది. డిస్ట్రిక్ట్ సెన్సస్ హ్యాండ్‌బుక్కుల్లో తాలూకా వారీగా ప్రతి గ్రామం పేరు ఉంటుంది, జనం లేని బేచిరాక్ ఊళ్ళతో సహా. పాతవి పట్టుకుని యలమంచిలి, పక్క ఊళ్ళన్నీ జల్లెడ పడితే ఆ మొదటి అక్షరాలతో మూడు ఊళ్ళు తేలాయి. ఈ మూడింటిలో ఏది అని చెప్పడానికి లిస్టులో ఇంకేమీ లేదు. తండ్రి పేరు మూడు ఊళ్ళలోనూ ఉంటుంది.

రెండు నెలలు ఫైలు అక్కడే కూర్చుంది.

అప్పుడు ఒక ఆదివారం వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. మా పిన్ని చనిపోయింది, పెట్టెలో ఈ పుస్తకం ఉంది, దీనిమీద గీతలు ఏమిటి అన్నా అని. అట్ట ఊడిపోయిన తెలుగు కీర్తనల పుస్తకం. అట్ట లోపలి కాగితం మీద సిరాతో నాలుగు పంక్తులు, గొలుసుకట్టు రాత. ఇంట్లో తెలుగు చదివేవాళ్ళు ఎనభై ఏళ్ళ కిందటే అయిపోయారు, వాళ్ళకి అవి గీతలే. నేను ఫోన్ జూమ్ చేసి చదివి కాసేపు బయట అరుగు మీద కూర్చున్నా.

మొదటి పంక్తిలో ఇంటిపేరుతో సహా ఆయన పూర్తి పాత పేరు. కింద పిల్లల పుట్టుకలు, ఇంగ్లీషు సంవత్సరాలు కాదు, క్రోధి సం॥ మార్గశిరం, పరాభవ సం॥, కీలక సం॥ అని. మన సంవత్సరాలు ఉగాది నుంచి ఉగాది కాబట్టి క్రోధి అంటే 1904 ఉగాది నుంచి 1905 ఉగాది దాకా, ఆ ఏడు మార్గశిరం డిసెంబరులో మొదలై జనవరి మొదటి వారంలో అయిపోతుంది, పెద్ద కొడుకు నమోదు 1905 జనవరి, సరిపోయింది. పరాభవ 1906-07, కీలక 1908-09, మిగతా ఇద్దరి నమోదులూ సరిపోయాయి. అరవై ఏళ్ళకోసారి అవే పేర్లు తిరిగొస్తాయి కాబట్టి ఒక్కదాన్నే పట్టుకుంటే ప్రమాదం, మూడూ కలిశాయి కాబట్టి అనుమానం లేదు. చర్చిలో కొత్త పేరు పెట్టుకున్న మనిషి పుస్తకంలో పాత పేరే రాసుకున్నాడు, లేదా ఎవరిచేతో రాయించుకున్నాడు, చేతిరాతలు రెండు రకాలు ఉన్నాయి.

ఇంటిపేరు దొరికాక రెవెన్యూ రికార్డు మాట్లాడుతుంది. విశాఖ జిల్లాలో చాలా భాగం జమీందారీ, విజయనగరం, బొబ్బిలి సంస్థానాల ఊళ్ళయితే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత వేసిన సెటిల్‌మెంట్ రికార్డే మనకి గతి, అంతకు ముందు రైతు పేర్లు మామూలుగా సర్కారు దగ్గర ఉండవు. కానీ సర్వసిద్ధి, గొల్గొండ, పాలకొండ సర్కారు తాలూకాలు, రైత్వారీ, రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టేవాడు. అంటే డైగ్లాట్ ఉంటుంది, ఇంగ్లీషు, తెలుగు రెండిట్లో పట్టాదారు పేర్లతో రాసిన పాత రిజిస్టరు. కాపీ కోసం ఒక ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు, బీరువా తాళం ఉన్నాయన సెలవు, తర్వాత బదిలీ, ఆఖరికి చూస్తే పేజీలు ముట్టుకుంటే పొడి అవుతున్నాయి. మూడు ఊళ్ళలో ఒక్క ఊళ్ళోనే ఆ ఇంటిపేరు ఉంది. ముగ్గురి పేరు మీద ఉమ్మడి పట్టా, ఎకరం చిల్లర మెట్ట. మూడో పేరు మనవాడిదే.

ఊరికి నేనొక్కణ్ణే వెళ్ళా, క్లయింట్‌ని మొదటిసారే తీసుకెళ్ళను. రావిచెట్టు కింద కూర్చున్నవాళ్ళని ఆ ఇంటిపేరు చెప్పి అడిగితే ఒక ముసలాయన పైకీ కిందకీ చూసి, నువ్వెవరి తాలూకా నాయినా అన్నాడు. మా వైపు ఎవరి మనిషివి అనడానికి తాలూకా అనే అంటారు. చెప్పాను. ఆయన తాతల్లో ఒకడు, ఆఖరివాడు, ఇంట్లో దెబ్బలాడి రంగం ఎల్లిపోనాడని, మరి రాలేదని వాళ్ళ నాయన చెప్పేవాడట. రంగం అంటే రంగూన్. కాకపోతే ఉత్తరాంధ్రలో ఓడెక్కినవాడు ఎటు పోయినా రంగం పోయినట్టే, మా అమ్మమ్మ కూడా అలాగే అనేది, కాబట్టి దీన్ని నేను వ్యతిరేక సాక్ష్యంగా తీసుకోలేదు, అలాగని నేటాల్‌కి సాక్ష్యంగా కూడా రాయలేదు. వేలు వంకర గురించి నేను ఎత్తకుండా, ఆయన ఎలా ఉండేవాడో చెప్పేవారా తాతా అని అడిగా. తెలీదు నాయినా అన్నాడు. దొరికితే బాగుండేది.

రిపోర్టులో రాసింది ఇది. నంబరు గొలుసు పిల్లల నుంచి ఓడ దాకా గట్టిది. పుస్తకం కాగితం వల్ల ఇంటిపేరు గట్టిది. ఊరు, పట్టా వల్ల చాలావరకు గట్టిది. పట్టాలో ఉన్న మూడో పేరూ ఓడ ఎక్కిన మనిషీ ఒక్కడే అన్నది బలమైన అంచనా, రుజువు కాదు. ఆవిడ డీఎన్ఏ టెస్టు చేయించుకుంది, ఊళ్ళో ఒకరు చేయించుకుంటే తేలుతుంది, అడిగే ధైర్యం ఇంకా చెయ్యలేదు.

ఎందుకంటే రెండోసారి వెళ్ళేసరికి ఊళ్ళో మాట మారిపోయింది. డైగ్లాట్ చూపించాను కదా, మూడో వాటాదారు మునిమనవరాలు ఫారిన్ నుంచి వాటాకి వస్తోందని పాకేసింది. ముసలాయన కొడుకు నాతో మాట్లాడనే లేదు. నూటపాతికేళ్ళ నాటి ఎకరం మెట్ట, ఇప్పుడు హైవేకి దగ్గర, వాళ్ళ భయం వాళ్ళది. ఆవిడకి ఫోన్లో చెప్తే నవ్వి, నాకు భూమి వద్దు, ఆ ఇంటి గుమ్మం ఒకసారి చూస్తే చాలు, కాగితం రాసిమ్మంటే ఇస్తానంది. అదే మాట ముసలాయనకి చెప్పా. ఆయన చుట్ట తీసి పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించి, ఆ బిడ్డకి తెలుగు రాదంటన్నావు కదా, ఇంగిలీసులో సంతకం పెడితే చెల్లుద్దా అని అడిగాడు. చెల్లుద్ది తాతా అన్నాను. అయితే వచ్చే నెల్లో తీసుకురా, కోడిని కోయిస్తాను అన్నాడు.